బండ్లకు అడ్డం నిలబడ్డ కాక

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా కాలనీ రోడ్డు మీద ఒక మనిషి పొద్దున్నే బండ్లకు అడ్డంగా నిలబడేవాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాచి, ఎదురుగా దిగి వస్తున్న మోటార్‌సైకిల్ వైపే చూస్తూ నిలబడేవాడు. బండి ఆగితే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. బండి మీది మనిషి తిట్టినా, నవ్వినా, చెవులు పగిలేలా హారన్ కొట్టినా ఆయన ముఖంలో ఏ మార్పూ కనిపించేది కాదు. ఆ బండి పోగానే మళ్ళీ నడిరోడ్డు మీదికి వచ్చి, తరవాతి బండి కోసం చూసేవాడు.

ఆయన మా పక్కింటి కాక. కాక అంటే మా వైపు చిన్నాన్న. మా నాయనకంటే పెద్దవాడే అయినా కాలనీ పిల్లలందరికీ ఆయన కాకే. నాయనా, ఆయనా ఒకే గనిలో, భూమి లోపల బొగ్గు తీసే పనిలో ఉండేవారు. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. మేము ఆదివారం చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు పోచమ్మకు బోనం ఎత్తేవాళ్ళు. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు, నిప్పు కోసం బొగ్గు కణికలు, ఒకరి ఇంటి మాటలు ఇంకొకరి ఇంటికి పోతూ వస్తూ ఉండేవి.

మా కాలనీ కొంచెం ఎత్తు మీద ఉంటుంది. లోపలి రోడ్డు వాలుగా దిగి, చివర మెయిన్ రోడ్డులో కలుస్తుంది. ఆ మెయిన్ రోడ్డు మీద పగలనక రాత్రనక బొగ్గు లారీలే. వాటి మీది నుంచి రాలిన పొడి రోడ్డంతా పరుచుకొని ఉండేది. దుమ్ము లేవకుండా ట్యాంకరు వచ్చి నీళ్ళు చల్లి పోయేది. నీళ్ళూ పొడీ కలిసి నల్లటి బురదై, చెప్పులేసుకొని నడిచేవాళ్ళు కూడా జారిపడేవారు. మూల మీద ప్రహరీ గోడ ఒకటి ఉండేది. దాన్ని దాటేదాకా వచ్చే లారీ కనపడదు. కనపడేసరికి అది మన ముందే ఉంటుంది.

అంతకు ముందు మా నాయనలంతా సైకిళ్ళ మీద డ్యూటీకి పోయేవారు. నేను చిన్న బడిలో ఉండగానే కాలనీలోకి ఒకదాని వెనక ఒకటిగా మోటార్‌సైకిళ్ళు వచ్చాయి. పాత సైకిలు తొక్కిన కాళ్ళే వాటి మీదికి ఎక్కాయి. సైకిలు ఆగకపోతే చెప్పు నేలకు ఆనించి ఆపొచ్చు. బండిని అట్లా ఆపలేమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముందు బ్రేకు పట్టుకుంటే బోల్తా పడతారని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట అందరూ నమ్మారు. దాంతో చాలా బండ్లకు ముందు బ్రేకు ఉన్నా లేనట్టే. అది పని చేస్తుందో లేదో చూసేవాడు కూడా లేడు.

కాకకు ఒక్కడే కొడుకు. మేము అన్నా అని పిలిచేవాళ్ళం. ఐటీఐ చదివి, భూమిని పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. నెమ్మదైన మనిషి. వాన మొదలైతే మా వాకిట్లో ఉన్న బొగ్గు బస్తాను ఎవరూ చెప్పకుండానే లోపలికి లాగి పెట్టేవాడు. ఒకసారి నా చెప్పు తెగితే సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అతికించి ఇచ్చాడు. కొత్త చెప్పులు కొన్నాక కూడా నేను ఆ చెప్పులే వేసుకొని తిరిగేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు నీలం రంగు బండి కొన్నాడు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న బండి మా కాలనీలో అదే మొదటిది. పిల్లలమంతా దాని చుట్టూ చేరి ఆ మెరిసే ఇనుప పళ్ళేన్ని వేలితో తాకి చూసేవాళ్ళం.

ఆ బండి ఇంటికి వచ్చి నెలైనా కాకముందే అన్న పోయాడు. సెకండ్ షిఫ్టుకు పోతున్నాడు. ఎండ మెరుస్తున్న మధ్యాహ్నం. మలుపు దగ్గర జామకాయలు అమ్మే అవ్వ ఒక్కతే అంతా చూసింది. పిల్లగాడు రెండు కాళ్ళూ నేలకు రాస్తూ, జరుగుండ్రి జరుగుండ్రి అని అరుస్తూ దిగిండని ఆమె చెప్పింది. గోడ దాటగానే లారీ వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి మూల మీద జనం ఉన్నారు. నన్ను చూడనివ్వకుండా మా అమ్మ తన కొంగుతో నా కళ్ళు కప్పి ఇంటికి లాక్కుపోయింది. సాయంత్రం ట్యాంకరు రోజూలాగే వచ్చి, రోడ్డు మీద నీళ్ళు చల్లి పోయింది.

తరవాతి రోజుల్లో జనం రకరకాలుగా మాట్లాడారు. కుర్రవాళ్ళకు స్పీడు ఎక్కువన్నారు. తాగి ఉంటాడన్నారు. కొత్త బండి తలకెక్కిందన్నారు. బండి నుజ్జునుజ్జై పోలీస్ స్టేషన్‌లో పడి ఉంది. దాని బ్రేకు ముందు ఎట్లా ఉండేదో చెప్పగలిగే వస్తువే అందులో మిగల్లేదు. అవ్వ చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోలేదు. జామకాయలు అమ్మే ముసలామెకు బండ్ల సంగతి ఏం తెలుస్తుందన్నారు. కాక మాత్రం ఎవరు పలకరించడానికి వచ్చినా ఒకటే మాట అనేవాడు.

"బ్రేకు పడలే. మావానిది తప్పు లేదు. బ్రేకు పడలే."

వచ్చినవాళ్ళు తల ఊపి లేచి పోయేవారు.

దినాలు అయిపోయి మళ్ళీ డ్యూటీకి పోవడం మొదలుపెట్టిన తరవాత కాక రోడ్డు మీద నిలబడడం మొదలైంది. ఫస్ట్ షిఫ్టు పడిన వారం పొద్దున్నే గనిలోకి దిగాలి కాబట్టి ఆయన కనిపించేవాడు కాదు. సెకండ్ షిఫ్టు వారం ఇంటి నుంచి వచ్చి నిలబడేవాడు. నైట్ షిఫ్టు వారమైతే గని నుంచి నేరుగా అక్కడికే వచ్చేవాడు. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు నలుపు అట్లానే ఉండేది. డ్యూటీలకు పోయేవాళ్ళు, పిల్లలను బడిలో దింపేవాళ్ళు వాలు దిగి వచ్చేవేళ అది. మలుపుకు చాలా ముందే, వాలు మధ్యలో నిలబడి ప్రతి బండినీ ఆపేవాడు.

మొదట్లో జాలిపడి ఆగేవారు. తరవాత విసుగు మొదలైంది. ఒక కుర్రవాడు బండిని ఆయన మోకాళ్ళ దాకా తెచ్చి ఆపి, కావాలని ఇంజను రేజ్ చేసి పొగ వదిలాడు.

"జరుగు కాకా! డ్యూటీకి లేటైతంది. పొద్దుగాల పొద్దుగాల ఏంది నీ లొల్లి?"

"ఆగినవ్ కదా కొడుకా. ఇగ పో. పైలంగ పో," అని కాక పక్కకు జరిగాడు.

కొడుకు పోయిన బాధలో మతి చలించిందని కొందరు, ఏదో ఒకనాడు ఏ బండో గుద్దితే తెలుస్తుందని కొందరు అనేవారు. పిల్లలు సాయంత్రం ఆటల్లో కాకలా చేతులు చాచి ఒకరినొకరు ఆపుకొని నవ్వేవారు. కాక భార్యను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె ఆ ఆటను గడపలో నుంచి చూసి, తలుపు దగ్గరికి వేసుకునేది.

అందరికంటే ఎక్కువ కోపం మా నాయనకే వచ్చేది. పక్కింటివాడు, తోటి కార్మికుడు నలుగురిలో నవ్వులపాలవుతున్నాడన్న బాధే ఆ కోపమని ఇప్పుడు అనిపిస్తుంది. ఒకనాడు గోడ దగ్గర నిలబడి అడిగేశాడు.

"ఏందన్నా గిది? తొవ్వల పోయేటోళ్ళను ఆపుడేంది? మంది నవ్వుతున్నరు."

"నవ్వనీ తమ్మీ. ఆగి నవ్వుతున్నరు గద."

"నన్ను గూడ ఆపుతవా? నా బండి సంగతి నాకు తెల్వదా? ఎనక బ్రేకు మంచిగ పడుతది."

"మరి ముందలిది?"

"ముందలిది ఎవలు పడుతరే? దాని కేబుల్ తెగి ఎండకాలం నుంచి అట్లనే ఉన్నది. ఏమైంది నాకు?"

గనిలో పని మొదలుపెట్టే ముందు తల మీది కప్పును పొడుగు కర్రతో కొట్టి చూస్తారు. గట్టి రాయి ఒక రకంగా పలుకుతుంది, వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు వినకుండా ఏ కార్మికుడూ దాని కిందికి పోడు. కాక ఆ సంగతే ఎత్తాడు.

"కప్పు కొట్టి సప్పుడు ఇనకుంట ఏనాడన్న లోపలికి పోయినవా తమ్మీ?"

"అది గని అన్నా. గిది రోడ్డు."

"నిన్నటిదాక మంచిగున్న కప్పే గద ఇయ్యాల కూలేది."

నాయన లోపలికి వచ్చేశాడు. రాత్రి అన్నం తింటూ, మతి సరిగా లేని మనిషితో మాటలేమిటని అమ్మతో అన్నాడు.

ఆ వాదన జరిగింది వానలు మొదలవుతున్న రోజుల్లో. కొన్నాళ్ళకు ఒక పొద్దున మా బడి రిక్షా రాలేదు. నాయనకు సెకండ్ షిఫ్టు. అమ్మ పోరు పెడితే బండి తీశాడు. నన్ను ముందు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు. రాత్రంతా వాన పడి ఆగింది. వాలు పొడుగునా నల్లటి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. సందు దాటి రోడ్డెక్కగానే, దూరంగా కాక కనిపించాడు. నైట్ షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు. ఒక చేతికి అన్నం క్యారేజీ వేలాడుతోంది.

నాయన నా తల మీదుగా గొణిగాడు. రోజూ కాక దగ్గరికి వచ్చాక ఠక్కున ఆపి, ముఖం పక్కకు తిప్పుకొని పోవడం నాయనకు అలవాటు. ఆ రోజు కొంచెం ముందుగానే నాయన కుడి కాలు కదలడం నాకు తెలిసింది. కాలు కిందికి పోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పోయింది. కింద ఏదో ఇనుప వస్తువు రోడ్డుకు తగిలి టింగుమని శబ్దం చేసింది. బండి వేగం తగ్గలేదు, పెరిగింది. నా చెవి పక్కన నాయన ఊపిరి ఆగిపోయింది. హ్యాండిల్ మీది చేతులు నన్ను రెండు వైపులా బిగించాయి. తరవాత ఆయన గొంతు నేనెప్పుడూ వినని తీరులో లేచింది.

"అన్నా జరుగు! పడుతలేదు! బ్రేకు పడుతలేదు! జరుగన్నా!"

కాక జరగొచ్చు. చాలా సమయం ఉంది. ఒక్క అడుగు పక్కకు వేస్తే మేము ఆయనను దాటి, వాలు దిగి, ఆ గోడ పక్క నుంచి మెయిన్ రోడ్డు మీదికి పోయేవాళ్ళం. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి ఆ గోడ వైపు చూడడం నాకు గుర్తుంది. క్యారేజీ కింద పడేశాడు. పక్కకు కాదు, మా వైపే పరుగెత్తుకొచ్చాడు. చివరి క్షణంలో కొద్దిగా ఒరిగి, హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకొని, తన బరువంతా వేసి బండిని రోడ్డు పక్కన పోసిన మట్టికుప్ప వైపు తోశాడు.

తరవాత నేను బురదలో ఉన్నాను. నోట్లో మట్టి, బొగ్గుపొడి. ఒక మోచేయి కాలిపోయినట్టు మండుతోంది. బండి ఇంజను ఇంకా తిరుగుతోంది. పడి ఉన్న చోటి నుంచి నాకు మెయిన్ రోడ్డు కనిపించింది. ఒక బొగ్గు లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. దాని చక్రాలను నేను కింద నుంచి, పూర్తిగా, ఒకదాని తరవాత ఒకటిగా చూశాను. ఈ వయసులోనూ అప్పుడప్పుడు ఆ చక్రాలు నా కలలోకి వస్తాయి. అవి ఎవరినీ ఏమీ చెయ్యవు, అట్లా పోతూ ఉంటాయి.

బండి కాక కాళ్ళ మీద పడి ఉంది. ఎడమ కాలు మోకాలి కింద ఉండాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి ఉంది. ఆయన కేక పెట్టలేదు. పళ్ళు బిగించి ఆకాశం వైపు చూస్తూ అడిగాడు.

"పిల్లేది? పిల్ల మంచిగున్నదా?"

నాయన నన్ను లేపి ఆయనకు కనపడేలా నిలబెట్టాడు. కాక నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు. జనం పరుగెత్తుకొచ్చి బండిని లేపారు. అప్పుడు మాత్రం ఆయన అరిచాడు. అటువంటి అరుపు నేను మళ్ళీ వినలేదు.

ఒక ఆటో ఆపి బొగ్గు కంపెనీ దవాఖానకు తీసుకుపోయారు. నా మోచేతికి కట్టు కట్టించి అమ్మ నన్ను వరండాలో కూర్చోబెట్టుకుంది. చిన్నమ్మ వచ్చింది. వంటింట్లో నుంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, చేతికి పిండి అట్లానే ఉంది. లోపలికి పోయి భర్తను చూసి బయటికి వచ్చింది. నాయన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆమె ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"నా కొడుకును ఎవ్వలు ఆపలే. నీ బిడ్డను నా మొగడు ఆపిండు. ఉన్న ఒక్క ఆసర గూడ కాలిరగ్గొట్టుకొని పండిండు. ఇప్పుడు నేను ఎవల మొఖం చూసి బతకాలె? చెప్పు తమ్మీ. నువ్వే చెప్పు."

మా అమ్మ ఆమె చేయి పట్టుకోబోతే విదిలించుకుంది. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నా మీద ప్రేమ లేదు. పెద్దవాళ్ళు పిల్లలను అట్లా చూడగలరని నాకు అప్పటిదాకా తెలియదు. నేను అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను.

సాయంత్రం ఎవరో మా బండిని నడిపించుకుంటూ తెచ్చి ఇంటి ముందు పెట్టారు. వెనక బ్రేకు కడ్డీ చివర ఉండాల్సిన నట్టు లేదు. ఎప్పటి నుంచో వదులవుతూ వచ్చి, ఆ పొద్దున ఊడిపోయింది. కడ్డీ వేలాడుతోంది. ముందు బ్రేకు కేబుల్ ఎండాకాలం నుంచి తెగి ఉన్నట్టే ఉంది. నాయన దాని ముందు గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాడు. ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనను తినేసిందని నా నమ్మకం. ఆ రోజు నుంచి చాలాకాలం ఆయన సైకిలు మీదే డ్యూటీకి పోయాడు. కాకను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, కట్టు మార్పించడానికి ప్రతిసారీ రిక్షా మాట్లాడి తనే ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఎత్తేటప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. తప్పైందన్న మాట నాయన నోట రాలేదు. మా ఇళ్ళలో మగవాళ్ళు ఆ మాట అనడం నేను వినలేదు.

విరిగిన ఎముక అతకాలంటే మేకకాళ్ళ చారు తాగాలంటారు. అమ్మ కుంపటి మీద పొద్దంతా కాచి, గిన్నెలో పోసి నా చేతికిచ్చి పంపేది. పెద్దవాళ్ళు పోతే చిన్నమ్మ తలుపు తీయదని నన్ను పంపేది. నాకూ తీసేది కాదు. కిటికీలో నుంచి చూసి లోపలికి పోయేది. నేను గిన్నె గడప మీద పెట్టి వచ్చేదాన్ని. సాయంత్రానికి అది అట్లానే చల్లారి, పైన కొవ్వు పేరుకొని, మా గోడ మీదికి వచ్చి ఉండేది. అయినా మరునాడు అమ్మ మళ్ళీ కాచేది.

ఒక రోజు లోపలి నుంచి కాక గొంతు వినిపించింది. పిల్లను రానియ్యమని అన్నాడు. చిన్నమ్మ తలుపు తీసి, నా వైపు చూడకుండా వంటింట్లోకి పోయి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. కాక నులకమంచం మీద పడుకొని ఉన్నాడు. కాలికి తెల్లటి పెద్ద కట్టు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. గోడకు అన్న ఫోటో, దానికి ఎండిన పూలదండ ఉన్నాయి. నేను గిన్నె పట్టుకొని నిలబడ్డాను.

"ఆ పొద్దు భయమైందా బిడ్డా?" అని అడిగాడు.

మా కాలనీలో భయపడ్డానని ఒప్పుకునే పిల్లలు లేరు. భూమి లోపలికి దిగేవాళ్ళ పిల్లలం. కాలేదని అన్నాను.

"ఉత్తదే. నాకైంది. నీకెందుకు గాలే? భయమైతె భయమైందని చెప్పాలె."

కాలేదని మళ్ళీ అనలేకపోయాను. ఏడుపు వచ్చింది. గిన్నెలో చారు తొణికి నా కాళ్ళ మీద పడింది. ఆయన నన్ను ఊరుకోమని అనలేదు. ఏడుపు దానంతటదే ఆగేదాకా చూసి, కప్పు వైపు తిరిగి మాట్లాడాడు.

"మావాడు చెప్పిండు బిడ్డా. పోయే ముందటి దినం, గీడనే కూసోని అన్నం తినుకుంట చెప్పిండు. నాయినా, ముందలి బ్రేకు పట్టుకుంటె మెత్తగ లోపలికి పోతంది, ఎనకది గూడ సరిగ పడుతలేదు, ఎక్కాలంటె భయమైతంది అన్నడు. అమ్మినోళ్ళను అడిగిండంట. కొత్త బండి గద, నాలుగు దినాలు తోలితె అదే సెట్ అయితదన్నరంట. నాకు చెప్పిండు. నేనేమన్ననో తెల్సా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇన్నేండ్ల సంది నేను భూమిల దిగుతన్న, నా కొడుకు బండికి భయపడుడేందిరా అన్న. అని నవ్విన." గోడ మీది ఫోటో వైపు చూశాడు. "వాడు గూడ నవ్విండు. తెల్లారి ఎక్కిండు."

వంటింట్లో చేట చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు మళ్ళీ మొదలు కాలేదు. ఆ మాట చిన్నమ్మ కూడా అప్పుడే మొదటిసారి వింటోందని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. ఆమె బయటికి రాలేదు, అరవలేదు. పెరటి తలుపు తీసుకొని పోయిన చప్పుడు మాత్రం వినిపించింది. కాక కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను గిన్నె స్టూలు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. ఆ మాటలు ఎవరికీ చెప్పలేదు.

మరునాడు నేను చారు తీసుకుపోతే చిన్నమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా చేతిలో నుంచి గిన్నె అందుకుంది. సాయంత్రం ఖాళీ గిన్నె కడిగి గోడ మీద పెట్టింది. నాయనతో మాత్రం ఆమె ఆ తరవాత ఎన్నడూ మాట్లాడలేదు.

కాక కాలు అతికింది గాని పొట్టిదైపోయింది. భూమి లోపలికి దిగడానికి పనికిరాడన్నారు. గని పైన, కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. రోడ్డు మీద గంటలు గంటలు నిలబడే ఓపిక ఆయనకు మళ్ళీ రాలేదు. ఆయన స్థానంలో ఇంకెవరూ నిలబడలేదు. కొన్నాళ్ళ పాటు కాలనీలో అందరూ బ్రేకులు బాగు చేయించుకున్నారు. మెకానిక్కుల దగ్గర వరసలు కట్టారు. ఆ భయం ఒక ఎండాకాలం దాకా ఉంది. తరవాత వానాకాలంలో, అదే మూల మీద, వెనక వీధిలోని ఒక ఇంటి పిల్లవాడు పోయాడు. కారణం బ్రేకో, బురదో ఎవరికీ తెలియదు. ఆ కబురు విన్న రోజు కాక డ్యూటీకి పోలేదు. చీకటి పడేదాకా గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. మా నాయన వాళ్ళింటి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఒకరు లోపల, ఒకరు బయట.

తెలంగాణ వచ్చిన ఏడే కాక రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి గోదావరి అవతల తమ ఊరికి పోయారు. అప్పటికి నేను చదువు పూర్తి చేసి ఇంట్లోనే ఉన్నాను. సామాన్లు ఎక్కించిన తరవాత చిన్నమ్మ నన్ను పిలిచింది. ఆమె తనంతట తాను నన్ను పిలవడం ఎన్నో ఏళ్ళకు అదే మొదటిసారి. నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బరువుగా ఉంది.

"నిన్ను చూసినప్పుడల్ల నాకు కోపమే వచ్చింది బిడ్డా. ఏం జేద్దు, నా మనసు గట్లైంది. నువ్వైతె సల్లంగుండు."

కాక వ్యాను ముందు సీట్లో కూర్చొని ఉన్నాడు. చేయి ఊపాడు. ఆ మరుసటేడే ఆయన పోయాడని తెలిసింది. నాయన అంత్యక్రియలకు పోయి వచ్చాడు. పాడె మోయడానికి చిన్నమ్మ అడ్డు చెప్పలేదని మాత్రం అమ్మతో చెప్పాడు.

నేనిప్పుడు మంచిర్యాలలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతాను. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. కిందటేడు ఒక సాయంత్రం బడి వదిలాక, ఒకటో తరగతి పిల్లవాడు ఆటో ఎక్కనని మొండికేశాడు. భయమైతంది, భయమైతంది అని ఏడుస్తున్నాడు. ఆటో నిండా కూర్చున్న పిల్లలు నవ్వారు. డ్రైవరు నవ్వాడు. వాడిని తీసుకుపోవడానికి ఎదురుచూస్తున్న ఆయా కూడా, ఇంత మగపిల్లగానికి భయమేందిరా అని నవ్వింది. నేను పిల్లలందరినీ దించేశాను. ఆటోను మెకానిక్కుకు చూపించేదాకా ఎవరూ ఎక్కరని చెప్పాను. డ్రైవరు గొడవపడ్డాడు. తల్లిదండ్రులకు ఫోన్లు పోయాయి. మెకానిక్ వచ్చి బ్రేకు తొక్కి చూసి, తోలి చూసి, ఏమీ లేదని తేల్చాడు. టీచరుకు చాదస్తమని నా ఎదుటే అన్నారు. అనుకోనిచ్చాను.

ఆ బండి బాగానే ఉండవచ్చు. ఆ పిల్లవాడి భయం ఇంకేదైనా కావచ్చు. నాకు తెలియదు. పెద్దవాళ్ళు ధైర్యం గురించి చెప్పినవి చాలా విన్నాను, చాలా మరిచిపోయాను. నులకమంచం మీది నుంచి కాక చెప్పిన ఆ నాలుగు మాటలు మాత్రం నన్ను వదల్లేదు. భయమైతుందని ఎవరైనా నా ముందు అంటే, వాళ్ళు చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా, నేను చేస్తున్న పని ఆపి వింటాను. నవ్వను.